రెండేళ్లు చాలన్న ప్రిన్సిపాల్

మా కాకా దగ్గర 1990ల నాటి ప్రీమియర్ పద్మిని ఒకటుంది. జనగామలో ఇంటి పక్కన రేకుల షెడ్డు కింద నిలబడి, ఏడాదికి రెండు మూడు పెళ్లిళ్లకు మాత్రమే బయటికొచ్చే బండి. పోయిన మాఘమాసంలో భూపాలపల్లిలో చుట్టాల పెళ్లి పడింది. పద్మినిలోనే పోదామని కాకా పట్టుబట్టాడు. మెకానికల్ ఫైనలియర్ చదివే నేను, ట్రిపుల్ ఈ చదివే మా బావ వెంట ఉన్నాం కదా, బండికి ఏమన్నా అయితే వీళ్లే చూసుకుంటారని ఆయన ధీమా.

హన్మకొండ దాకా బండి బంగారంలా వచ్చింది. చీకటి పడ్డాక హెడ్‌లైట్లు వేశాం. పరకాల దాటేసరికి జెర్కులు షురూ అయ్యాయి. సైలెన్సర్ లోంచి పచ్చి పెట్రోల్ వాసన. ఒక చాయ్ హోటల్ ముందు ఆపి ప్లగ్గులు విప్పి చూస్తే తడిగా, మసి పట్టి ఉన్నాయి. ఇంకేముంది, మిక్స్‌చర్ రిచ్ అయిపోయిందని ఇద్దరం ఒకే మాట మీదికొచ్చాం. ఐసీ ఇంజిన్స్ సబ్జెక్టులో నాకు మంచి మార్కులే వచ్చాయి మరి. సెల్‌ఫోన్ వెలుతురులో కార్బురేటర్ మీది మిక్స్‌చర్ స్క్రూని పట్టుకుని చుట్టు పైనే లోపలికి తిప్పాం. దాంతో పెట్రోల్ తగ్గింది గానీ జెర్కులు తగ్గలేదు. పైగా బండి ఆపినప్పుడల్లా ఇంజిన్ కూడా ఆగిపోవడం మొదలైంది. భూపాలపల్లి ఎలా చేరామో చెప్పను, ఆఖరి పంక్తి భోజనాలకు మాత్రం అందుకున్నాం.

తెల్లారి ఒక షెడ్డుకు తీసుకెళ్లాం. మానుకోట నుంచి వచ్చి అక్కడ స్థిరపడిన మెకానిక్ అన్న ఒకాయన. మేం చెప్పిన రోగ నిర్ధారణ అంతా ఓపిగ్గా విన్నాడు. కార్బురేటర్ వైపు మాత్రం కన్నెత్తి చూడలేదు. ఇంజిన్ స్టార్ట్ చేయించి, పట్టపగలు హెడ్‌లైట్లు వేయించి, బ్యాటరీ మీద మల్టీమీటర్ పెట్టాడు. 11.2 వోల్టులు. ఇంజిన్ నడుస్తున్నప్పుడు అక్కడ 14కి దగ్గర్లో ఉండాలి. బెల్టు వదులై ఆల్టర్నేటర్ సరిగా తిరగట్లేదు. లైట్లు వేసేసరికి కాయిల్‌కి కరెంటు చాలక స్పార్క్ బలహీనపడుతోంది. పెట్రోల్ ఎక్కువై కాదు, ఉన్న పెట్రోల్ కాలక వాసనొస్తోంది. తప్పు చేసింది బ్యాటరీ వైపు, మేం దండించింది కార్బురేటర్‌ని.

మాటల్లో తెలిసిందేంటంటే, అన్న చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. చిన్నప్పుడు ఎవరిదో మూలపడ్డ రాజ్‌దూత్ బండిని నట్టు నట్టూ విప్పి, మళ్లీ బిగించి పని నేర్చుకున్నాడట. ఈ సంచికకు ఎవరి జీవితం రాయాలా అని వారం రోజులుగా తల పట్టుకుంటున్న నాకు సమాధానం అక్కడే దొరికింది. సరిగ్గా ఇలాగే ఒక మోటార్ సైకిల్‌ని విప్పి బిగించి బతుకు మొదలుపెట్టిన తెలుగు మాట్లాడే మనిషి ఒకాయన ఉన్నాడు. కాకపోతే ఆయన పుట్టింది కోయంబత్తూరు పక్కన. పేరు గోపాలస్వామి దొరైస్వామి నాయుడు. లోకానికి జి.డి. నాయుడు.

విజయనగర, నాయకరాజుల కాలాల్లో తెలుగు కుటుంబాలు చాలా తమిళ దేశానికి వెళ్లి వ్యవసాయంలో స్థిరపడ్డాయి. కోయంబత్తూరు చుట్టుపక్కల నల్లరేగడి మీద పత్తి పండించిన వాళ్లలో వీళ్లూ ఉన్నారు. బయట తమిళం, ఇంట్లో తెలుగు. అలాంటి ఒక రైతు కుటుంబంలో, కలంగల్ అనే పల్లెలో, 1893 మార్చి 23న నాయుడు పుట్టాడు. పసితనంలోనే తల్లి పోయింది. బడి అంటే పడలేదు. పంతుళ్ల కళ్లల్లో ఇసుక కొట్టి పారిపోయేవాడని కథలు చెప్తారు. మొత్తానికి చదువు మూడో తరగతి దగ్గరే ఆగింది. తండ్రి పొలానికి పంపాడు.

ఆ పొలాల మధ్య ఒకరోజు ఒక దొర మోటార్ సైకిల్ మీద వచ్చాడు. రడ్జ్ అనే ఇంగ్లీషు కంపెనీ బండి, 1912 మోడల్ అంటారు. ఎద్దు లేదు, గుర్రం లేదు, తొక్కడం లేదు, అయినా నడుస్తోంది. మనకిప్పుడు అందులో వింతేం ఉండదు. ఆ కుర్రాడికి మాత్రం ఆ రోజు నుంచి ఇంకో ధ్యాస లేకుండా పోయింది. ఇల్లు వదిలి కోయంబత్తూరు చేరాడు. ఒక హోటల్లో సర్వర్‌గా చేరాడు. ప్లేట్లు అందిస్తూ మూడేళ్లపాటు కూడబెట్టి, దాదాపు మూడు వందల రూపాయలు పోసి ఆ బండినే కొన్నాడు. కొన్న వెంటనే ఊరంతా తిరగలేదు. విప్పేశాడు. ముక్క ముక్కా పరిచి, ఏది దేనికి తగులుతుందో చూసి, మళ్లీ బిగించాడు. ఆయన చదివిన ఇంజనీరింగ్ కాలేజీ అదే.

ఇక్కడ కొంచెం పక్కదారి పడతాను, టెక్నికల్ వాళ్లం కదా. ఆ కాలపు మోటార్ సైకిళ్లకు మామూలుగా బ్యాటరీ ఉండేది కాదు. స్పార్క్ కోసం మాగ్నెటో ఉండేది. ఇంజిన్ తిరిగితే మాగ్నెటో తిరుగుతుంది, అయస్కాంతం సాయంతో తన కరెంటు తనే పుట్టించుకుంటుంది. రాత్రిపూట వెలుతురుకు కార్బైడ్ దీపం. కార్బురేటర్‌కి కరెంటుతో సంబంధమే లేదు. గాలి సన్నటి గొంతులోంచి వేగంగా పోతుంటే అక్కడ పీడనం తగ్గుతుంది, ఆ లోటు పెట్రోల్‌ని జెట్ లోంచి పైకి లాగుతుంది. బరువు లెక్కన దాదాపు 14.7 పాళ్ల గాలికి ఒక పాలు పెట్రోల్ కలిస్తే పూర్తిగా కాలుతుంది. అంటే నాయుడు విప్పిన బండిలో స్పార్క్ లెక్క వేరు, మిక్స్‌చర్ లెక్క వేరు. రెండూ ఒకదాని జోలికి ఒకటి పోవు. నేర్చుకునేవాడికి అంతకంటే మంచి యంత్రం దొరకదేమో.

ఆ తర్వాతే కార్లలోకి బ్యాటరీ వచ్చింది. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ 1912 కాడిలాక్ కారుకి ఎలక్ట్రిక్ స్టార్టర్, బ్యాటరీ ఇగ్నిషన్ అమర్చాక హ్యాండిల్ తిప్పే బాధ పోయింది. దాంతోపాటు మా పద్మిని లాంటి జబ్బులూ మొదలయ్యాయి. లెక్క చూడండి. కాయిల్‌లో నిలిచే శక్తి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది. 14 ఉండాల్సిన చోట 11.2 ఉంటే వోల్టేజీ 80 శాతం. దాని వర్గం 64 శాతం. అంటే మూడో వంతు పైగా స్పార్క్ బలం పోయినట్టే. అప్పుడు మిక్స్‌చర్ సరిగ్గానే ఉంటుంది, కానీ కాలదు. వాసన చూసినవాడు రిచ్ అనుకుంటాడు.

ఎలక్ట్రిక్ చోక్ ఉన్న కార్బురేటర్లలో అయితే మిక్స్‌చర్ నిజంగానే మారుతుంది. ఆ చోక్‌ని తెరిచేది వేడెక్కే ఒక స్ప్రింగు. వోల్టేజీ తగ్గితే అది ఆలస్యంగా వేడెక్కుతుంది, చోక్ ఎక్కువసేపు మూసుకునే ఉంటుంది, మిక్స్‌చర్ రిచ్ అవుతుంది. ఫ్యుయల్ ఇంజెక్షన్ బండ్లలో దీనికి పూర్తిగా ఉల్టా. బాష్ కంపెనీ డి-జెట్రానిక్ పేరుతో 1967లో ఫోక్స్‌వ్యాగన్ కారుకి ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ పెట్టింది. ఇంజెక్టర్ అంటే కరెంటుతో తెరుచుకునే చిన్న వాల్వ్. వోల్టేజీ తగ్గితే సూది లేవడం ఆలస్యమవుతుంది. ఉదాహరణకి 3 మిల్లీ సెకన్ల పల్స్‌లో తెరుచుకోడానికే 1 మిల్లీ సెకను పోతే 2 మిగిలాయి. వోల్టేజీ పడిపోయి అది 1.6 అయ్యిందనుకోండి, మిగిలింది 1.4. ముప్పై శాతం పెట్రోల్ తక్కువ, మిక్స్‌చర్ లీన్. అందుకే ఈసీయూ ఎప్పుడూ బ్యాటరీ వైపు ఒక కన్నేసి, వోల్టేజీ తగ్గిన కొద్దీ పల్స్ పొడిగిస్తుంది. ఒకే జబ్బు, ఒక బండిలో రిచ్, ఇంకో బండిలో లీన్, మా బండిలో రెండూ కాదు. ఈ మూడు ముక్కలూ ఒకే చోట నాకు నాలుగేళ్లలో ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదనుకోండి.

సరే, నాయుడి దగ్గరికొద్దాం.

రడ్జ్ తర్వాత ఆయన మెకానిక్‌గా బతికాడు. పత్తి వ్యాపారంలో దిగాడు, కొంత సంపాదించాడు. బొంబాయి వెళ్లి అక్కడి పత్తి బజారులో ఉన్నదంతా పోగొట్టుకుని తిరిగొచ్చాడు. అప్పుడు ఆదుకున్నది కోయంబత్తూరులో మోటారు వ్యాపారం చేసే రాబర్ట్ స్టేన్స్ అనే దొర. ఆయన సాయంతో 1920లో ఒక బస్సు సంపాదించి పొల్లాచి, పళని మధ్య నడిపాడు. పళని సుబ్రహ్మణ్యస్వామి కొండకు జనం ఏడాది పొడుగునా వస్తూనే ఉంటారు, కాబట్టి సీట్లు నిండటానికి కొదవ లేదు. డ్రైవరూ ఆయనే, మెకానిక్కూ ఆయనే.

ఆ ఒక్క బస్సు యూనివర్సల్ మోటార్ సర్వీస్ అయ్యింది. యూఎంఎస్ అంటే ఇప్పటికీ కోయంబత్తూరు పెద్దవాళ్లు గుర్తుపడతారు. 1933 నాటికి ఆ సంస్థ చేతిలో 280 బస్సులున్నాయని లెక్క. ఈ అంకె ఎంత పెద్దదో తెలియాలంటే మన వైపు చూడాలి. 1932లో నిజాం ప్రభుత్వం రైల్వే కింద రోడ్డు రవాణా శాఖ మొదలుపెట్టినప్పుడు ఉన్న బస్సులు 27. ఇవాళ్టి మన ఆర్టీసీకి మూలం అదే. ఒక రాజ్యం 27తో మొదలుపెట్టిన నాటికి, మూడో తరగతి చదివిన ఒక మనిషి దానికి పది రెట్లు నడుపుతున్నాడు.

1930లలో ఆయన యూరప్ తిరిగాడు. జర్మనీ ఆయనకు బాగా నచ్చింది, అక్కడి వర్క్‌షాపులు ఇంకా నచ్చాయి. కెమెరా పిచ్చి ఎక్కువ. 1936 జనవరిలో లండన్‌లో ఐదో జార్జి చక్రవర్తి అంత్యక్రియల్ని స్వయంగా ఫిల్ము తీశాడు. గాంధీ, నెహ్రూ, సుభాష్ బోస్ కూడా ఆయన కెమెరాకు చిక్కారు. అదే రోజుల్లో మద్రాసు రాష్ట్ర ఎన్నికల్లో ఇండిపెండెంట్‌గా నిలబడి ఓడిపోయాడు. మళ్లీ ఆ జోలికి పోలేదు.

ఆ జర్మనీ సంబంధంలోంచే రసంట్ అనే రేజర్ పుట్టింది. డ్రై సెల్స్‌తో నడిచే బుల్లి మోటార్ ఉన్న గడ్డం గీసే మిషన్. కరెంటు లేని ఊళ్లో కూడా పనిచేస్తుంది. వాటితోపాటు బాగా పలచటి బ్లేడు, పండ్ల రసం తీసే యంత్రం, కిరోసిన్‌తో నడిచే ఫ్యాను, ఎవరూ మోసం చేయలేని ఓటింగ్ యంత్రం కూడా చేశాడు. అన్నీ ఏకరువు పెడితే కేటలాగు అవుతుంది. నా లెక్కలో వీటన్నిటికంటే పెద్దది 1937 నాటి మోటార్. డి. బాలసుందరం నాయుడితో కలిసి మన దేశంలోనే ఎలక్ట్రిక్ మోటార్ తయారు చేయించాడు. దేశంలో తయారైన మొదటి మోటార్ ఇదేనని అక్కడివాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. ఆ తర్వాత కోయంబత్తూరు పంపులకు, మోటార్లకు పుట్టిల్లయింది. మన జనగామ, మానుకోట పల్లెల్లో బోరు మోటార్ల నేమ్‌ప్లేట్లు ఒకసారి చదివి చూడండి, ఆ ఊరి పేరు ఎన్నిసార్లు కనబడుతుందో.

లో వోల్టేజీ అంటే ఏంటో మన రైతులకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. వోల్టేజీ తగ్గితే మోటార్ అదే బరువు లాగడానికి ఎక్కువ కరెంటు తాగుతుంది, వైండింగ్ వేడెక్కి కాలిపోతుంది. మా బాపు ఎండాకాలంలో స్టార్టర్ డబ్బా మీది మీటరు చూడకుండా ఎన్నడూ బటన్ నొక్కలేదు. ఆ అలవాటు చూస్తూ పెరిగిన నేను పరకాల దగ్గర బ్యాటరీ వైపు చూడకుండా స్క్రూ తిప్పాను.

ఇక మనలాంటి వాళ్లకు గుచ్చుకునే ఘట్టం. 1944లో నాయుడు బస్సుల వ్యాపారం నుంచి పక్కకు తప్పుకుని, సంపాదించింది దానాలకు, చదువులకు పెట్టడం మొదలుపెట్టాడు. ఆయన విరాళాలతో కోయంబత్తూరులో ఒక పాలిటెక్నిక్, ఒక ఇంజనీరింగ్ కాలేజీ వచ్చాయి. అప్పటి మద్రాసు గవర్నర్ ఆర్థర్ హోప్ పేరు పెట్టారు. ఆ కాలేజీయే తర్వాత చోటు మారి గవర్నమెంట్ కాలేజ్ ఆఫ్ టెక్నాలజీ అయ్యింది. 1945లో ఆ కాలేజీకి ప్రిన్సిపాల్ ఎవరో తెలుసా? ఆయనే. పదో తరగతి మొహం కూడా చూడని మనిషి, బీఈ పిల్లలకు ప్రిన్సిపాల్.

ఆ కుర్చీలో కూర్చుని ఆయన మొదట ప్రశ్నించింది కోర్సు కాలాన్నే. ఇంజనీరింగ్‌కి నాలుగేళ్లు ఎందుకు, రెండేళ్లు చాలు, మిగతాది కుర్రాళ్ల వయసు వృథా అని ఆయన వాదన. ఊరికే వాదించి ఊరుకోలేదు. రేడియో, ఆటోమొబైల్ కోర్సుల్ని ఆరు వారాల్లో నేర్పించి చూపించాడు. ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన రాజీ పడలేదు. ఏడాది తిరగకముందే రాజీనామా ఇచ్చి బయటికొచ్చాడు.

ఇది చదివినప్పుడు మా హాస్టల్ రూంలో పెద్ద గొడవే అయ్యింది. నాయుడిదే కరెక్టని సగం మంది. గణితం, థర్మోడైనమిక్స్ లేకుండా ఆరు వారాల్లో తయారయ్యేది రిపేరు చేసేవాడే గానీ డిజైన్ చేసేవాడు కాదని మిగతా సగం. నేను ఎటూ పూర్తిగా లేను. ఇంజెక్టర్ ఎంత ఆలస్యంగా తెరుచుకుంటుందో లెక్కగట్టి ఈసీయూలో దిద్దుబాటు రాసినవాడు ఆరు వారాల కోర్సులోంచి రాడు. కానీ ఆయన అడిగింది పుస్తకం తీసేయమని కాదు, చేయి పెట్టనివ్వమని. మా నాలుగేళ్లలో మేం నిజంగా స్పానర్ పట్టిన గంటలు కూడితే ఆరు వారాలు అవుతుందా అని మా బావ అడిగాడు. లెక్క వేయడం మధ్యలో ఆపేశాం, మెస్ టైం అయ్యిందని సాకు పెట్టి.

స్వాతంత్ర్యం వచ్చాక ఆయనకు సులువైన రోజులు వస్తాయనుకుంటాం. రాలేదు. 1941లోనే ఐదు వాల్వుల రేడియో సెట్‌ని 70 రూపాయలకు చేయగలనని ప్రకటించిన మనిషి, 1952లో ఇద్దరు కూర్చునే పెట్రోల్ కారు తయారు చేయించాడు. ధర 2000 రూపాయలు. పరిశ్రమ పెట్టాలంటే ప్రభుత్వం లైసెన్సు ఇవ్వాల్సిన రోజులవి. లైసెన్సు రాలేదు. కారు అక్కడితో ఆగిపోయింది. పన్నుల మీదా, అనుమతుల మీదా కోపంతో తాను చేయించిన వస్తువుల్ని జనం ముందే పగలగొట్టించాడని చెప్తారు. ఆ పని నాకు నచ్చలేదు. చేసినవాడికి పగలగొట్టే హక్కు ఉండొచ్చు, కానీ ఆ రేడియోలు ఏ బడికి ఇచ్చినా పిల్లలు విప్పి చూసుకునేవాళ్లు. అయినా రడ్జ్‌ని అంత ప్రేమగా విప్పిన చేతులు సుత్తి దాకా వెళ్లాయంటే లోపల ఎంత ఉడికిపోయి ఉంటాడో.

చేతులు ఊరుకోవు కదా, ఆ తర్వాత మొక్కల మీద పడ్డాడు. పత్తిలో, మొక్కజొన్నలో, బొప్పాయిలో కొత్త రకాలు పెంచాడు. ఆ తోట చూడ్డానికి సి.వి. రామన్, విశ్వేశ్వరయ్య లాంటి వాళ్లు వచ్చారు. పొద్దున పునాది వేసి సాయంత్రానికల్లా ఇల్లు కట్టి చూపించిన కథ కూడా కోయంబత్తూరులో ఇప్పటికీ చెప్పుకుంటారు. 1974 జనవరి 4న, ఎనభయ్యేళ్ల వయసులో పోయాడు. ఆయన కుటుంబం 2015లో అవినాశి రోడ్డులో జీడీ కార్ మ్యూజియం తెరిచింది. పాత కార్లు వరసగా నిలబెట్టి ఉంటాయి. మాగ్నెటో నుంచి కాయిల్‌కి, కార్బురేటర్ నుంచి ఇంజెక్టర్‌కి బండ్లు ఎలా నడిచొచ్చాయో తెలుసుకోవాలన్న వాళ్లు ఇండస్ట్రియల్ విజిట్‌కి ఆ ఊరు అడగండి. మా బ్యాచ్‌ని ఎటు తీసుకెళ్లారో, అక్కడ గేటు బయట ఎంతసేపు నిలబెట్టారో ఇప్పుడెందుకులెండి.

భూపాలపల్లి షెడ్డులో అన్న కొత్త బెల్టు వేసి బిగించాడు. మళ్లీ హెడ్‌లైట్లు వేయించి మీటరు పెడితే 13.9 చూపించింది. జెర్కులు పోయాయి. కానీ బండి ఆపితే ఇంజిన్ ఇంకా ఆగిపోతూనే ఉంది, మేం తిప్పిన స్క్రూ వల్ల. దాన్ని అన్న ముట్టుకోలేదు. స్క్రూడ్రైవర్ నా చేతికిచ్చి, తిప్పినవాడివి నువ్వే కదా అన్నట్టు చూసి, స్టూలు జరిపి పక్కన కూర్చున్నాడు. స్క్రూని మెల్లగా లోపలికి తాకేదాకా తిప్పాను, తర్వాత ఒకటిన్నర చుట్టు బయటికి. ఆ పైన చెవి పెట్టి వింటూ పావు చుట్టు అటు, పావు చుట్టు ఇటు. ఇంజిన్ శబ్దం నునుపయ్యేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. కాకా అప్పటికి రెండో చాయ్ తాగుతున్నాడు.